కాటాకెక్కిన రెండో భాగం

శాఖా గ్రంథాలయం గేటుకి కట్టిన ఫ్లెక్సీ మీద మొహాలు బోలెడున్నాయి, పుస్తకం మాత్రం ఒక్కటీ లేదు. "శరత్కాల పఠన సవాల్ – పెద్దలకు మాత్రమే" అని పైన ఎర్రక్షరాలు. రోడ్డు మీద పోయే కుర్రాళ్ళు ఆ 'పెద్దలకు మాత్రమే' చూసి ఆశగా బండి ఆపి, కింద లైబ్రరీ అని చదువుకుని, మొహం మాడ్చుకుని పోతున్నారు. శ్యాంబాబు గారు గొడుగు చంకలో పెట్టుకుని ఆ ఫ్లెక్సీని పైనుంచి కిందిదాకా చదివి, గేటు పక్కన తుపుక్కున ఉమ్మి లోపలికి వెళ్ళారు.

ఆయన ఇరిగేషన్ ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. ఆయన లెక్కలో ఊళ్ళో జనం రెండు రకాలు. చదవనివాళ్ళు ఒక రకం, చదివినా బుర్రకెక్కనివాళ్ళు రెండో రకం. భీమవరం నుంచి బస్సెక్కితే అరగంటలో దిగిపోయే ఈ ఊళ్ళో, చెరువులు తవ్వుకుని, రొయ్యలు పెంచుకుని, డబ్బు చేసుకుని, ఏసీలు పెట్టుకున్న ప్రతివాడూ ఈ రెండింట్లో ఎక్కడో ఒకచోట ఇమిడిపోతాడని ఆయన నమ్మకం. చర్చిలో పక్కన కూర్చునేవాళ్ళకి కూడా మినహాయింపు లేదు. మినహాయింపు ఉన్నది ఒక్క రూబీ గారికే, ఆయన భార్యకి. ఆవిడ వినే మనిషి. షుగరు వల్ల కళ్ళకి అక్షరాలు అలుక్కుపోతుంటే, రోజూ రాత్రి భోజనం, ప్రార్థన అయ్యాక ఆయన నవల చదివి వినిపిస్తారు, ఆవిడ కళ్ళు మూసుకుని వింటుంది.

ఈ సవాల్ ఏంటో చెప్పాలి. దసరా వెళ్ళిన మర్నాటి నుంచి కార్తీకమాసం అయ్యేదాకా ఎవరు ఎక్కువ చదివితే వాళ్ళకి ఫ్రిజ్ బహుమతి. ఆ ఫ్రిజ్ ఇస్తున్నది రొయ్యల మేత డీలరు వెంకటరమణ. ఎక్కువ చదవడం అంటే ఎలా కొలవాలి అని మీటింగు పెట్టారు. పుస్తకాల సంఖ్య చూద్దామన్నాడు లైబ్రేరియన్ సురేష్‌బాబు. అలాగైతే అందరూ పిల్లల కథల పుస్తకాలు పట్టుకుపోతారు అన్నారు. పోనీ పేజీలు చూద్దామంటే, పెద్దక్షరాల పేజీ, చిన్నక్షరాల పేజీ ఒకటెలా అవుతాయని గొడవ లేచింది. అప్పుడు వెంకటరమణ కుర్చీలోంచి లేచి, "ఇంత తలకాయనొప్పి ఎందుకండీ? కాటా వేసేద్దాం. మా గొడౌన్లో ఎలక్ట్రానిక్ కాటా ఉంది, పంపిస్తాను" అన్నాడు.

సభంతా చప్పట్లు. ఊరి మొత్తానికి అర్థమయ్యే కొలత అదొక్కటే మరి.

శ్యాంబాబు గారు వెనక బెంచీలోంచి, "అయితే ఆ ఫ్రిజ్ చెదపురుగుకి ఇవ్వండి. మీ అందరికంటే పుస్తకాలు ఎక్కువ తిన్నది అదే" అన్నారు. జోకు వేశారనుకుని అందరూ పకపకా నవ్వారు. తన తిట్టు తిట్టని కూడా తెలుసుకోలేని జనం మధ్య బతకాల్సి వచ్చినందుకు ఆయనకి ఒళ్ళు మండిపోయింది.

ఇక చూడాలి ఆ సంబరం. రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు నిఘంటువు తీసుకుని, దాన్ని చంకలో పెట్టుకుని పొద్దున్నే వాకింగ్‌కి బయల్దేరాడు. ఎజ్రా అని చర్చి గాయక బృందంలో తబలా వాయించే ఆయన, అక్కడి బల్ల మీదుండే పెద్ద బైబిల్ మోసుకొచ్చి, ఇది లైబ్రరీది కాకపోయినా చదివాను కాబట్టి కాటా వెయ్యాలని పేచీ పెట్టాడు. ఇంకొకాయన పుస్తకాన్ని రాత్రంతా తడిగుడ్డలో చుట్టి ఉంచి తెచ్చాడు. రొయ్యకి ఐసు నీళ్ళు పట్టించి తూకం పెంచడం తెలిసిన ఊళ్ళో పుస్తకానికి ఆ పాటి స్నానం చేయించడం వింతేమీ కాదు. బల్ల మీద కాటా, కాటా పక్కన సెల్ఫీలు. సన్నటి పుస్తకాలు మాత్రం బీరువాల్లో హాయిగా పడుకున్నాయి.

శ్యాంబాబు గారి కష్టం లావుపాటి పుస్తకంతోనే వచ్చింది.

ఆయన రూబీ గారికి చదివి వినిపిస్తున్నది గోదావరి లంకల మీద రాసిన పాత నవల. రెండు భాగాలు, రెండూ దిండ్లలా ఉంటాయి. మొదటి భాగం చివర్లో వరద రోజున కథానాయిక సూరమ్మ ఎక్కిన పడవ తిరగబడుతుంది, అక్కడితో ఆపేశాడు రాసినవాడు. మొదటి భాగం ఇచ్చేసి రెండోది తెచ్చుకుందామని ఆయన వెళ్ళిన రోజే ఈ సవాల్ ప్రారంభోత్సవం. "ఇవాళ పుస్తకాలు ఇవ్వడం లేదండి, మంత్రిగారి మనిషి వస్తున్నారు. కావాలంటే మీది జమ చేసుకుంటాను" అన్నాడు సురేష్‌బాబు.

అప్పుడు శ్యాంబాబు గారు పాత పాఠకులందరూ చేసే పనే చేశారు. తనకి కావలసిన పుస్తకం ఇంకొకరి చేతిలో పడకుండా బీరువాలో వెనక్కి నెట్టి దాచడం ఆ లైబ్రరీలో ఎప్పట్నుంచో ఉన్న అలవాటు. ఆయన ఇంకొంచెం తెలివి ఉపయోగించారు. జమ చేసిన మొదటి భాగాన్ని తీసుకెళ్ళి, ఎవరూ చెయ్యి పెట్టని పాత గెజిట్ల వెనక దాచేశారు. రెండో భాగాన్ని దాని చోటనే ఉంచారు. మొదటిది దొరకనప్పుడు రెండోది ఎవడు ముట్టుకుంటాడు? దాచేముందు పేజీల మధ్య ఎవరో గుర్తుకి పెట్టుకున్న నీలం వలదారం ముక్క కనిపిస్తే, "పుస్తకంలో కూడా వలలేనా" అని దాన్ని లాగి కిటికీలోంచి పారేశారు.

చదివేవాళ్ళు మాత్రమే చేసే పొరపాటది. కాటా వేసేవాడికి మొదటి భాగమైతేనేం, రెండో భాగమైతేనేం?

ఆ మర్నాడే రూబీ గారికి గుండెల్లో నొప్పి వచ్చింది. కాకినాడ పరుగులు, పరీక్షలు, మళ్ళీ పరుగులు. చివరికి ఆపరేషన్ చెయ్యాలన్నారు, శనివారం పొద్దున్నే చేర్చమన్నారు. ఆవిడ ఏడవలేదు, ప్రార్థన చేసుకుంది. బట్టలు సర్దుకుంటూ మాత్రం అంది.

"వెళ్ళేలోపల సూరమ్మ సంగతి తేల్చండి. బతికిందో పోయిందో తెలియకుండా ఆ బల్ల మీద పడుకోవడం నావల్ల కాదు."

"వచ్చాక చదువుకుందాంలే రూబీ."

"వస్తే కదండీ" అంది ఆవిడ, చీర మడత పెడుతూ.

శ్యాంబాబు గారు గొడుగు కూడా తీసుకోలేదు. గురువారం సాయంత్రం లైబ్రరీకి దాదాపు పరిగెత్తారు. రెండో భాగం ఉండాల్సిన చోట ఖాళీ.

"వెంకటరమణ గారింటికి వెళ్ళిందండి. వాళ్ళావిడ కార్డు మీద తీసుకున్నారు" అన్నాడు సురేష్‌బాబు, ఏదో పారేసుకున్నవాడిలా బల్ల కింద వెతుకుతూ. శ్యాంబాబు గారి నోరంటే అతనికి భయం. "రేపు శుక్రవారం సెలవు కదండీ, శనివారం అడిగి తెప్పిస్తాను."

శనివారం! ఆయన బయటికి వచ్చేశారు. రాత్రంతా మనసులో ఆ ఇంటిని తిట్టుకున్నారు. మేత బస్తాల మనుషులు. ఫ్రిజ్ ఇచ్చేదీ వాళ్ళే, గెలుచుకునేదీ వాళ్ళే కాబోలు. తన రూబీ ప్రాణం కొట్టుకుంటున్న పుస్తకం ఏ గ్రైండరు కిందో ఎత్తుకి పెట్టుకుని ఉంటారు.

శుక్రవారం మధ్యాహ్నం వెళ్ళారు. గేటుకి రెండువైపులా సిమెంటు ఏనుగులు. వాటిని చూసి ఆయన మూతి విరిచారు. హాల్లో సోఫా పక్క స్టూలు మీద, న్యూస్‌పేపరు అట్ట వేసి, శుభ్రంగా ఉంది రెండో భాగం. చదవరు గానీ అట్టలు మాత్రం వేస్తారు అనుకున్నారు. వెంకటరమణ భార్య మహాలక్ష్మమ్మ లోపల్నుంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. చెరువుల్లోకి దిగకముందు వాళ్ళది గోదారి మీద వేటకెళ్ళే కుటుంబమని ఊళ్ళో అందరికీ తెలుసు. శ్యాంబాబు గారు దాన్ని అందరికంటే బాగా గుర్తుపెట్టుకున్నారు.

"రండి, కూర్చోండి. ఏం పని మీద వచ్చారండీ?"

"కూర్చోడానికి రాలేదమ్మా. ఆ పుస్తకం కావాలి. మీకు తూకమే కదా ముఖ్యం. ఇంతకంటే బరువైనది, పాత పంచాంగాలు కలిపి కుట్టిన బైండు, నేను తెచ్చిస్తాను. కాటాకి అది పెట్టుకోండి."

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది.

"తూకానికి తేలేదండి. ఎరకి తెచ్చాను."

"ఎరేంటి?"

"మొదటి భాగం మధ్యాహ్నాలు లైబ్రరీలో కూర్చుని చదువుకునేదాన్నండి. సగంలో ఉండగా ఎవరో ఇంటికి పట్టుకెళ్ళారు. సరే, కార్డు మీద తీసుకెళ్ళారు, తెస్తారులే అని ఊరుకున్నాను. జమ అయిందన్నారు, చూస్తే బీరువాలో లేదు. ఎవరు తెచ్చారంటే సురేష్‌బాబు గారు చెప్పరు. అప్పుడు ఆలోచించాను. దాచినవాడికి రెండోది కావాలి కదా. ఇది నా దగ్గరుంటే, ఎప్పటికైనా గుమ్మంలోకి వచ్చి తీరతాడని తెచ్చి పెట్టుకున్నాను." ఆవిడ స్టూలు మీంచి పుస్తకం తీసి ఒళ్ళో పెట్టుకుంది. "మీరేనా అండీ?"

"నేనా? నేను అలాంటివాడిలా కనిపిస్తున్నానా?" అన్నారు ఆయన, ఆఫీసులో గుమస్తాల మీద వాడిన గొంతుతో.

"కనిపిస్తున్నారండి."

ఆయనకి చెంప ఛెళ్ళుమన్నంత పనైంది. ఈవిడ తనని చూస్తున్న చూపు ఎక్కడో చూశాననిపించింది. అది ఆయన ఊరంతటినీ చూసే చూపే. వెనక్కి తిరిగి వెళ్ళిపోవాలనిపించింది, కానీ ఇంట్లో సర్ది పెట్టిన సంచీ కళ్ళల్లో మెదిలింది.

"నేనే" అన్నారు. "గెజిట్ల వెనక ఉంది. ఇవాళ తాళం వేసుంది, లేకపోతే ఇప్పుడే తెచ్చి ఇచ్చేవాణ్ణి. రేపు మా ఆవిణ్ణి కాకినాడ తీసుకెళ్తున్నాను. గుండె ఆపరేషన్. పడవ తిరగబడ్డాక సూరమ్మ ఏమైందో తెలుసుకుని గానీ..."

"పడవ తిరగబడిందా?" మహాలక్ష్మమ్మ నెత్తి కొట్టుకుంది. "దాచింది చాలక, కథ కూడా చెప్పేశారా! నేనింకా సూరమ్మ పెళ్ళి దగ్గరే ఉన్నానండి బాబూ. మొదటిది అవకుండా రెండోది తెరవకూడదని అట్ట వేసి మరీ పక్కన పెట్టుకున్నాను. అందులో నా నీలం దారం ఉండాలి, అదైనా ఉందా?"

"పారేశాను."

ఆవిడ పుస్తకం స్టూలు మీద పెట్టి లేచింది. తిడితే బాగుండేదనిపించింది ఆయనకి. లోపలికి వెళ్ళి చీర మార్చుకుని వచ్చింది.

"మీ ఆవిడ కోసం వస్తున్నాను. పుస్తకం మీ చేతికి మాత్రం ఇవ్వను. ఇల్లెక్కడో చెప్పండి."

చెప్పారు. పుస్తకం స్కూటీ డిక్కీలో పెట్టుకుని ఆవిడ ఝుమ్మని వెళ్ళిపోయింది. శ్యాంబాబు గారు గొడుగు వేసుకుని వెనకాల నడిచారు. ఎక్కించుకోమని అడగడానికి మొహం చెల్లలేదు.

ఆయన ఇల్లు చేరేసరికి ఆవిడ హాల్లో మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. రూబీ గారు దిండుకి ఆనుకుని, సూరమ్మ పెళ్ళి దగ్గర్నుంచి పడవ ఎక్కేదాకా ఉత్సాహంగా చెబుతోంది. పడవ దగ్గరికి రాగానే ఆగి భర్త వైపు తిరిగింది.

"ముందే చెప్పేశారటగా? అదేం పనండీ?"

"చేసిన పనుల్లో అది చిన్నదేలెండి" అంది మహాలక్ష్మమ్మ.

రూబీ గారు నవ్వింది. నొప్పి వచ్చాక ఆవిడ నవ్వడం ఆయన చూడలేదు. ఆ నవ్వు తన మీదే అయినా ప్రాణం లేచొచ్చింది. "కాస్త టీ పెట్టండి" అంది ఆవిడ. రోజూ తను కూర్చునే కుర్చీలో ఇంకొకరు కూర్చుంటే, ఆయన వంటింట్లోకి వెళ్ళారు.

పాలు పొంగుతుండగా హాల్లోంచి చదవడం మొదలైంది. ఆవిడ మెల్లిగా, ఎవరి మాట వాళ్ళకి ఇచ్చి చదువుతోంది. నీళ్ళలో పడ్డ సూరమ్మ భయపడితే భయం వినిపిస్తోంది, పడవవాడు అరిస్తే అరుపు వినిపిస్తోంది. శ్యాంబాబు గారు స్టవ్ కట్టేసి చెవులు రిక్కించారు. ఇంతలో పక్కింటివాళ్ళ మిక్సీ మొదలైంది. అది ఆగేసరికి హాల్లో రూబీ గారు "హమ్మయ్య" అంటోంది.

ఆయన టీ గ్లాసులతో గుమ్మంలోకి వచ్చారు. "బతికిందా?"

"ఒడ్డుకి చేరిందండి. చెయ్యందించినవాడితో దెబ్బలాట కూడా పెట్టుకుంది" అంది రూబీ గారు. ఆవిడ మొహం తేటగా ఉంది. "మీకో మాట చెప్పాలి. ఇన్నాళ్ళూ ఈ సూరమ్మ కాస్త బుర్రలేని మనిషనుకున్నాను. పడవవాడూ అంతే, అత్తగారూ అంతే. ఇవాళ ఈవిడ చదువుతుంటే తెలిసింది. వాళ్ళెవరూ అలాంటివాళ్ళు కాదు. మీరు చదివితే ఎవరైనా సరే వెధవల్లాగే వినిపిస్తారండి."

 ఇన్నేళ్ళుగా రాత్రిపూట ఆవిడ కళ్ళు మూసుకుని విన్నది ఇదన్నమాట.

"తిరిగొచ్చాక మొదటి భాగం కూడా మళ్ళీ ఈవిడ చేతే చదివించుకుంటాను. ఏం మహాలక్ష్మమ్మా, వస్తారా?"

"ఆయ్, తప్పకుండా వస్తానండి. గెజిట్ల వెనక నుంచి తీసి తెచ్చే పూచీ మాత్రం ఆయనది."

మిగతా మాటలకి కోపం తర్వాత తెచ్చుకోవచ్చు అనుకున్నారు శ్యాంబాబు గారు. 'తిరిగొచ్చాక' అంది రూబీ. నిన్న చీర మడత పెడుతూ 'వస్తే కదండీ' అన్న మనిషే అంది. ఆయన గ్లాసులు స్టూలు మీద పెట్టి, కుర్చీ ఖాళీ లేకపోవడంతో గుమ్మంలోనే కింద కూర్చుని, "కానివ్వండి, చదవండి" అన్నారు.