పిన్ని గొంతు

నర్సింగ్ కాలేజీలో మంచం మీద పడుకోబెట్టిన బొమ్మను పిల్లలంతా పిన్ని అనేవారు. అది ఊపిరి తీస్తుంది, రెప్పలు వాలుస్తుంది, నాడి కూడా కొట్టుకుంటుంది. మాట మాత్రం గోడకున్న నల్లటి అద్దం వెనక మైకు పట్టుకుని కూర్చున్న టెక్నీషియన్‌ది. ఆవిడను పిల్లలు చూసింది లేదు. నలభై దాటిన మనిషి. తల్లి పోయాక రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉంటోంది. రోజంతా బొమ్మ తరఫున మూలిగీ దగ్గీ ఇల్లు చేరితే, మళ్లీ తెల్లారేదాకా నోరు విప్పే పనే ఉండదు.

ఆ రోజు పాఠం, ఆపరేషన్ అయిన మనిషిని కనిపెట్టుకుని ఉండటం. మాటల మధ్యలో టెక్నీషియన్ బొమ్మకు బీపీ పడిపోయేలా చేయాలి. విద్యార్థిని అది గమనించి డాక్టర్‌ను పిలవాలి. వంతు వచ్చిన అమ్మాయి మనిషి పొడవు, గొంతు సన్నం. తోటివాళ్లు నిచ్చెన అని ఏడిపించేవారు. చేతులు నలుపుకుంటూ నిలబడిపోయింది.

"బొమ్మని చూసి సిగ్గేంటే? మాట్లాడు," అంది టీచరమ్మ.

"పిన్నీ, నొప్పిగా ఉందా?"

"కొంచెం ఉందమ్మా."

ఇంకేం అడగాలో తోచక ఆ పిల్ల, "ఇంటికెళ్లాక మీ దగ్గర ఎవరుంటారు?" అంది.

టెక్నీషియన్ ముందున్న కాగితంలో ఆ ప్రశ్న లేదు. "ఎవరూ ఉండరు," అనేసింది.

"మరి ఒంట్లో బాగోకపోతే?"

"పడుకుంటాను. అదే తగ్గుతుంది."

నిచ్చెన వంగి బొమ్మ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఇక్కడున్నన్నాళ్లూ నేనున్నాగా. బెల్ నొక్కండి, వచ్చేస్తా."

అద్దం వెనక టెక్నీషియన్ ఆ చేతులకేసే చూస్తూ ఉండిపోయింది. బీపీ సంగతే మరచిపోయింది.

టీచరమ్మ వచ్చి అద్దం మీద తట్టింది. "బీపీ పడలేదేం?"

"సారీ మేడమ్. మళ్లీ మొదలుపెడదాం."

ఈసారి నిచ్చెన తడబడలేదు. నొప్పి ఎలా ఉందో అడిగింది, నాడి చూసింది, బీపీ పడగానే డాక్టర్‌ను పిలిచింది. అందరూ చప్పట్లు కొట్టారు. దగ్గర ఎవరుంటారని మాత్రం అడగలేదు. టెక్నీషియన్ ఆ మాట కోసమే చివరిదాకా ఎదురుచూసింది.

సాయంత్రం బస్టాప్‌లో ఆ పిల్లే పక్కకొచ్చి నిలబడింది. "అక్కా, స్టేషన్ బస్సు వెళ్లిపోయిందా?"

"ఇంకా రాలేదమ్మా."

నిచ్చెన గిరుక్కున తిరిగింది. "పిన్నీ! మీరేనా?" అని పకపకా నవ్వింది. కాసేపటికి నవ్వు ఆపి, "ఎవరూ ఉండరన్నారే, అది కాగితంలో ఉన్నదేనా?" అని అడిగింది.

"ఉన్నదే."

"హమ్మయ్య! నిజమే అనుకుని దిగులేసింది. భలే చెప్పారక్కా."

బస్సు వచ్చింది. ఆ పిల్ల ఎక్కి, కిటికీలోంచి చెయ్యి ఊపింది. టెక్నీషియన్ కూడా ఊపి, తన బస్సు కోసం నిలబడింది.