అడుగున చిల్లు లేని కుండీలు

తరగతి గది నిండా నీళ్లు. సువర్ణ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని బెంచీల మధ్య నుంచి నడుస్తోంది, నడుస్తున్నకొద్దీ ఆ బెంచీలు తమ ఇంటి బాల్కనీ గట్టులా మారుతున్నాయి, గట్టు మీద వరసగా కుండీలు, కుండీల అవతల నల్లబల్ల, దాని ముందు మోచేతుల దాకా మట్టి పూసుకుని ఆమె ఆడబిడ్డ కౌసల్య. పెళ్లి చేసుకోకుండా, హన్మకొండలో ఆడపిల్లలకు సైన్సు పాఠాలు చెప్పి, రిటైరయ్యాక తమ్ముడి ఇంట్లో సువర్ణ పక్కగదిలో బతికి, ఈ వానాకాలం మొదట్లో చనిపోయిన మనిషి. చనిపోయిన సంగతి సువర్ణకు గుర్తుంది గానీ అదేమంత అడ్డంకిగా తోచడం లేదు. బడి ఉన్న రోజున ఆమె బళ్లో కాక ఇంకెక్కడ ఉంటుంది?

కౌసల్య తలెత్తకుండానే అడుగుతుంది. "ఎవలు కొన్నరే ఈ కుండీలు?"

"నేనే కొన్న, వదినె."

"అడుగున బొక్క ఏది?"

తెల్లటి పింగాణీ కుండీని ఆమె బోర్లిస్తుంది, బురదతో పాటు స్నేక్ ప్లాంట్ మొదలంటా ఊడి గట్టు మీద పడుతుంది, దాని వేర్లు నల్లబడి, మెత్తబడి, కుళ్లిన వాసన వేస్తున్నాయి.

"మెరుస్తుంటె మంచిగున్నయని తెచ్చిన," అంటుంది సువర్ణ. "నీ దినాలకు వచ్చినోళ్లందరు నీ చెట్లను సూసి ఏడుస్తుంటె, ఆ పాత డబ్బాలల్లనే ఉంచబుద్ధి కాలే."

"నా డబ్బాలకు బొక్కలుండె."

"అడుగున కంకర పోసిన గదా!"

"పోస్తె? బయటికి తొవ్వ లేకుంటె నీళ్లు కంకర్లనే నిలుస్తయి. వేర్లు అండ్లనే మురుగుతయి." కౌసల్య పిడికెడు మట్టి తీసి గట్టిగా పిసికి, వేళ్లు విప్పుతుంది, ముద్ద ముద్దలాగే ఉంటుంది. "చేన్ల నల్లరేగడి మట్టి తెచ్చి నింపినవ్. పిసికి ఇడిస్తె పొడిపొడి రాలాలె. గిది ఇటుక లెక్కుంది." ఆ ముద్దను విసిరి కొడితే అది నల్లబల్లకు అతుక్కుని అక్కడే ఉండిపోతుంది.

తర్వాత వాళ్లిద్దరూ ఏదో నర్సరీలో ఉన్నారు, పైన పచ్చటి వల, వలలోంచి చినుకులు, కౌసల్య ఒక్కో కుండీని తిరగేసి అడుగు తడిమి చూసి పక్కకు నెడుతోంది, నెట్టినవన్నీ తేలుతూ వెళ్లిపోతున్నాయి. "మట్టి కుండీ తీసుకో, గాలి పీల్చుకుంటది. వేర్లకంటె రెండు వేళ్లంత పెద్దగుంటె సాలు, గంపంత కుండీల పెడితె తాగని నీళ్లన్ని సుట్టూ నిలుస్తయి. ఎర్రమట్టిల ఇసుక, కొబ్బరి పొట్టు, ఇంత మాగిన పెంట ఎరువు కలుపు. దినాం నీళ్లెందుకు పోస్తున్నవే? వేలు పెట్టి సూడరాదా, లోపట తడుందో లేదో?"

ఆ మాటతో సువర్ణ ఒళ్లు భగ్గుమంటుంది.

"వేలు పెట్టి సూడాల్నా? నీ కాళ్ల మీద వేలు పెట్టి సూడనిచ్చినవా నన్ను?"

నర్సరీ లేదు. పొడవాటి ఆసుపత్రి వరండా, గోడల పొడుగునా ఎవరెవరో కూర్చున్నారు, అందరూ సువర్ణ వంకే చూస్తున్నారు, నీళ్లు మాత్రం అవే, పిక్కల దాకా.

"డాక్టరు అందరి ముంగట నన్నే అడిగిండు, ఇంట్ల మనుషులు లేరా, కాళ్లు ఇంత వాసిందాక ఎవలు సూడలేదా అని. నేనేం చెప్పాలె? మా వదినె కుచ్చిళ్లు నేలకు రాసుకుంట తిరిగింది సారూ, మాకు కాళ్లే కనపడలేదని చెప్పాల్నా?"

"చెప్తె ఏం జేస్తుంటివే?" కౌసల్య గొంతు కూడా లేస్తుంది. "ఉప్పు బంద్ పెడుదువు. తాగే నీళ్లు కొలుద్దువు. కూసుంటె లేస్తె నా మొఖం సూసుకుంట ఏడుద్దువు."

"చేస్తుంటి! అన్ని చేస్తుంటి! నువ్వు తిట్టినా చేస్తుంటి! ఒక్క ఆకు పసుపైతె పండుకున్నదాన్ని లేపి సూపెట్టినవ్. నీ ఒంట్ల నీళ్లు నిండుతుంటె మాత్రం నేను పరాయిదాన్నైన."

"అవునే, చెప్పలే. నా కాళ్లు నా ఇష్టం. బడిల నిలబడి నిలబడి బతికిన కాళ్లు, మందిల సూపించుకునుడు నాకు సిగ్గైంది. మా ఇంటోళ్లం గంతే, నొప్పి అని నోరిప్పం. మా నాయిన గూడ గట్లనే పోయిండు."

"గొప్ప ముచ్చటనా అది? గొప్ప అనుకుంట చెప్తున్నవా?"

సువర్ణ నీళ్లలో మోకాళ్ల మీద కూలబడి, వరండాలో అంతమంది చూస్తుండగానే ఆ తడిసిన కుచ్చిళ్లు పైకి లాగుతుంది, పాదం మీద బొటనవేలు ఆనించి, ఆమె బతికుండగా నొక్కి చూడలేకపోయినందుకు వచ్చిన కోపమంతా పెట్టి నొక్కుతుంది. వేలు తీసినా గుంట పూడదు. కౌసల్య కాలు వెనక్కి తీసుకోదు, పైనుంచి చూస్తూ అంటుంది, "సూసినవా? ఇగ కడుపు సల్లవడ్డదా?"

"లే! సల్లవడలే! ఎన్నటికి సల్లవడది!"

తన అరుపుకి తనకే మెలకువ వచ్చింది.

మధ్యాహ్నం ఎండ తెర సందులోంచి మంచం మీద పడుతోంది. లేచి హాల్లోకి వచ్చేసరికి, అన్నానికి ఇంటికొచ్చిన మొగుడు సదానందం సోఫాలో కాళ్లు బార్లా చాపి నిద్రపోతున్నాడు. అరుపు అతనికి వినిపించినట్టు లేదు. మేజోళ్లు విప్పి కింద పడేశాడు. చీలమండ పైన వాటి పట్టీ పడిన చోట, తాడు బిగించి కట్టినట్టు లోతైన గీత.

సువర్ణ నేల మీద కూర్చుని అతని కాలి మీద బొటనవేలు పెట్టి నొక్కింది. తీసింది. గుంట అలాగే ఉంది.

సదానందం ఉలిక్కిపడి లేచి, ముందు లుంగీ కిందికి గుంజుకున్నాడు. "ఏం లేదే. బూట్లు బిర్రుగైనయి."

"ఎన్ని దినాల సంది?"

అతను టీవీ వంక చూశాడు. టీవీ నడవడం లేదు.

"లే. దవాఖానకు పోదాం."

"రేపు పోదాం తియ్యి. ఇప్పుడు ఆఫీసుల..."

"రేపు లేదు, ఎల్లుండి లేదు. ఆ డాక్టరు ముంగట నేను ఇంకోసారి నిలబడ. ఈసారి నిన్నే నిలబెడత, నీ నోటితోనే చెప్పిస్త."

సదానందం కాలు లాక్కోబోయాడు. సువర్ణ వదల్లేదు.