గంట తాడు లేని పడవ

నేను ఒక పిడిని. జానెడు పొడవు, అల్యూమినియం ఒళ్లు, నెత్తిన ఎర్రటి రబ్బరు బుడిపె. జెట్ పడవలో స్టీరింగుకి కుడిపక్కన నా స్థానం. నన్ను ముందుకు తోస్తే ఇంజను వేగం పెరుగుతుంది, వెనక్కి లాగితే తగ్గుతుంది. చూడబోతే ఇంతే పని. ప్రస్తుతం గోదావరి గట్టున, రేవు పక్కనున్న రేకుల గదిలో, చిరిగిన లైఫ్ జాకెట్లకీ తుప్పు పట్టిన లంగరుకీ మధ్య కాలక్షేపం చేస్తున్నాను. కీలు అరిగిపోయిందని రెండేళ్ల కిందట నన్ను విప్పేసి కొత్తదాన్ని బిగించారు. నాకేం కోపం లేదు. ఈ నదిలో ఆరు వేసవులు పనిచేసి అరిగాను, ఊరికే కూర్చుని కాదు.

మనుషుల సంగతి నాకు తెలిసినంతగా వాళ్ల మొహాలు చూసేవాళ్లకి తెలియదని నా గట్టి నమ్మకం. మొహం సర్దుకుంటుంది, మాట బుకాయిస్తుంది, అరచెయ్యికి మాత్రం ఆ విద్య రాదు. భయం ముందు అక్కడికే వస్తుంది. చెమటగా వస్తుంది, బిగింపుగా వస్తుంది, ఒక్కోసారి వణుకుగా వస్తుంది.

నేను పుట్టింది పడమటి దేశంలో ఒక పోత కార్ఖానాలో. కరిగిన లోహాన్ని ఇసుక అచ్చులో పోశారు. చల్లారాక ఒకావిడ ఆకురాయితో నా అంచులు నున్నగా రాసింది. ఆవిడ చెయ్యి గరుకుగా ఉండేది గానీ ఎంత ఓపికో! ఆ తర్వాత నన్ను ఒక తెల్లటి పడవలో బిగించి, ఈ దేశంలో ఓ చెరువు ఒడ్డున ఉన్న విహార కేంద్రానికి పంపారు. అక్కడ నాలుగేళ్లు ఉన్నాను. ఎంతమంది మగమహారాజులు వచ్చి నా మీద చెయ్యి వేసి ఫొటోలు దిగారో లెక్కలేదు. ‘నాకు కారు వచ్చు, ఇదెంత’ అనడం, ఇంజను గుర్రుమనగానే అసలు డ్రైవరు కోసం అటూ ఇటూ చూడడం. పెళ్లాం పిల్లల ముందు పరువు కోసం పాపం నవ్వు మాత్రం చెక్కుచెదరనిచ్చేవారు కాదు. వాళ్ల అరచేతులు నా బుడిపెని తడిపేసేవి.

ఆ కేంద్రం మూతపడ్డాక పడవ గోదావరికి వచ్చింది. అక్కడ కొండల మధ్య, నదికి ఎగువన వెదుళ్లగొంది అని ఒక ఊరుంది. దానికి రోడ్డు లేదు. వానాకాలం లాంచీ వెళ్తుంది. వేసవి వస్తే నీళ్లు తగ్గి, ఎక్కడికక్కడ ఇసుక మేటలు లేచి, లాంచీలు రేవు కదలవు. అప్పుడు ఆ ఊళ్లో ఎవరికి జబ్బు చేసినా మంచం మీద మోసుకుని రావలసిందే. మా పడవకి మోకాల్లోతు నీళ్లుంటే చాలు, వేగం అందుకున్నాక జానెడు నీళ్ల మీద కూడా జారిపోతుంది. అందుకని నర్సునీ మందుల్నీ తీసుకెళ్లడానికి ప్రభుత్వం వారు మమ్మల్ని కొన్నారు. నడిపేవాడే కావాలి.

అప్పుడు నా జీవితంలోకి ఓలేటి లోవరాజు వచ్చాడు.

యాభైమూడేళ్ల మనిషి. ముప్ఫై ఏళ్లు చక్రం పట్టి లాంచీ నడిపిన సరంగు. ఆ నదిలో ఏ రాయి ఏ నెలలో తేలుతుందో, ఏ సుడి ఏ గాలికి జరుగుతుందో ఆయనకి ఇంట్లో గిన్నెలు ఎక్కడున్నాయో తెలిసినట్టు తెలుసు. ఆ ఏడాదే ఆయన లాంచీకి కాలం చెల్లిందని గట్టు మీదికి లాగి పడేశారు. ‘జెట్ పడవ నేర్చుకుంటానండి’ అని, రేవులో పడవల వ్యవహారం చూసే ఇంజనీరు గారి దగ్గరికి వెళ్లాడు. ఆయన తల పైకెత్తకుండానే, “పదిహేను రోజులు. పదహారో రోజు నేనొచ్చి ఎక్కుతాను. నడిపితే సీటు నీది. లేదంటే సర్టిఫికెట్ ఉన్న కుర్రాణ్ణి పై ఊరి నుంచి తెప్పిస్తాను, నువ్వు రేవులో వాచ్‌మన్‌గా ఉండు” అన్నారు. వాచ్‌మన్ కుర్చీ నదికి వీపు పెట్టి, గేటు వైపు తిరిగి ఉండేది. లోవరాజు ఆ కుర్చీ వంక ఒక్కసారి చూసి, మళ్లీ చూడలేదు.

నేర్పడానికి వైజాగు నుంచి సుహాసిని అనే అమ్మాయి వచ్చింది. ఇరవై ఆరేళ్లు, పొట్టి జుట్టు, మూడు భాషల్లో తిట్టగలదు. జెట్ పడవలు ఆమెకి కొట్టిన పిండి. గోదావరిని మాత్రం అదే మొదటిసారి చూడడం.

మొదటి రోజు లోవరాజు నా మీద చెయ్యి వేశాడు. ఆ స్పర్శ ఇప్పటికీ గుర్తే. తాళ్లు లాగి, చక్రం తిప్పి కాయలు కాచిన చెయ్యి. అయినా నన్ను పట్టుకోవడం రాలేదు. ఎందుకో చెబితే మీరు నవ్వుతారు. ముప్ఫై ఏళ్ల సరంగు ఒక్కనాడైనా ఇంజను ముట్టుకున్నవాడు కాడు. లాంచీలో సరంగు పైన చక్రం దగ్గర నిలబడతాడు. ఇంజను కింద ఉంటుంది, దాని దగ్గర డ్రైవరు వేరే ఉంటాడు. ఇద్దరికీ మధ్య ఒక గంట తాడు. ఒకసారి లాగితే మెల్లగా, రెండుసార్లు లాగితే ఆపమని, మూడుసార్లయితే పూర్తి వేగం. దారి చూసేవాడు ఒకడు, వేగం చూసేవాడు ఇంకొకడు. మా పడవలో రెండూ ఒకడే చూసుకోవాలి.

బయల్దేరిన పది నిమిషాలకే ఎదురుగా, నది మధ్యలో ఇసుక లంక వచ్చింది. లోవరాజు ఎడమ చెయ్యి గాల్లోకి లేచి, లేని గంట తాడుని రెండుసార్లు లాగింది. కుడి చెయ్యి నన్ను అమాంతం వెనక్కి గుంజింది. ఇంజను చల్లబడింది. స్టీరింగు ఎంత తిప్పినా పడవ తిన్నగా, పెళ్లివారిలా తీరుబడిగా వెళ్లి ఇసుకలోకి ఎక్కి, మంగాయమ్మ పుచ్చతోటలో ఆగింది. మంగాయమ్మ ఆ లంకలో వేసవి పంట వేసుకునే మనిషి. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

“ఏంటి లోవరాజు బావా, రేవు మా తోటలోకి మార్చేశారా ఏంటి? కబురైనా పెట్టలేదే!”

“కాయలెన్ని పోయాయమ్మా?”

“రెండు. కోసిత్తాను, తినేసి ఎల్లండి. పరువు పోయినోళ్లకి దాహం ఎక్కువుంటాది.”

సుహాసిని నవ్వు ఆపుకోలేకపోయింది. పుచ్చకాయ తింటూ ఆమె విషయం చెప్పింది.

“బాబాయ్ గారూ, లాంచీకి చుక్కాని ఉంటుంది. ఇంజను ఆపేసినా చుక్కాని తిప్పితే పడవ తిరుగుతుంది. దీనికి చుక్కాని లేదు. అడుగు నుంచి నీళ్లు పీల్చుకుని వెనక్కి తన్నుతుందే, ఆ నీళ్లే దీనికి చుక్కాని. ఆ ధార ఆగిపోతే మీ చేతిలో స్టీరింగు ఒట్టి చక్రం.”

“అయితే ఎదర అడ్డం వచ్చినప్పుడేం చెయ్యాలండి?”

“భయమేసినప్పుడు పిడి ముందుకే తొయ్యాలి. తోసి, తిప్పాలి.”

లోవరాజు నములుతున్నవాడు ఆగిపోయాడు. “అదేం చోద్యమండి అమ్మాయి గారూ! భయమేస్తే ఎనక్కి తగ్గడం కదండీ మనిషన్నాక!”

తెలియక చేసిన తప్పయితే చెప్తే పోతుంది. తెలిసి తెలిసి చెయ్యి చేసే తప్పుకి మందు లేదు. రెండో రోజూ, మూడో రోజూ అదే వరస. ప్రతి మలుపులోనూ ఆయన నోరు ‘ముందుకి, ముందుకి’ అనుకుంటూనే ఉండేది, చెయ్యి మాత్రం నన్ను వెనక్కి లాగేది. ఎడమ చెయ్యి గాల్లో గంట కొట్టేది. నాలుగో రోజు పొద్దున్నే వచ్చి, భుజం మీది తువ్వాలుతో తన ఎడమ మణికట్టుని స్టీరింగుకి కట్టుకున్నాడు. రేవులో జనం చూస్తూనే ఉన్నారు. ‘సరంగు గారికి కట్లు పడ్డాయిరో’ అని ఎవడో అరిచాడు. ఆయన వినిపించుకోలేదు. ఆ వయసులో, అంత పేరున్నవాడు, పదిమంది ముందు తన చేతినే తాను కట్టేసుకోవడం నేను ఇంకెక్కడా చూడలేదు. నా దృష్టిలో ఆయన ఆ రోజే పెద్దవాడయ్యాడు.

ఐదో రోజు సుహాసిని వంతు వచ్చింది. తనే నడుపుతూ ఒక పాయలోకి తిప్పబోయింది.

“అటొద్దండి. నీరు తళతళలాడతంది చూడండి, కింద గులకరాళ్లండి. నున్నగా, నల్లగా ఉన్నకాడ లోతండి” అన్నాడు లోవరాజు.

ఆమె వినలేదు. పడవ గులక మీదెక్కి కూర్చుంది, అడుగున నీళ్లు పీల్చే జల్లెడ నిండా రాళ్లు. ఇద్దరూ చీలమండల్లోతు నీళ్లలో వంగి, మిట్టమధ్యాహ్నం దాకా ఒక్కొక్క రాయీ వేళ్లతో ఊడదీశారు. లోవరాజు ‘నే చెప్పలేదా’ అనలేదు. చివరి రాయి తీశాక, “టీ తాగుతారాండి?” అన్నాడు, అంతే. ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది.

“ఇక నుంచి నీళ్ల సంగతి మీరు చెప్పండి బాబాయ్ గారూ. పిడి సంగతి నేను చెప్తాను.”

“ఆయ్, అలాగేనండి.”

అక్కడి నుంచి మాకు రోజులు బాగా నడిచాయి. ఏడో రోజుకి తువ్వాలు విప్పేశాడు. తొమ్మిదో రోజు మలుపులో నన్ను వెనక్కి లాగబోయి, సగంలో ఆగి, ముందుకు తోశాడు. పడవ ఒక్కసారి నీళ్లని పట్టుకుని చురుగ్గా తిరిగింది. లోవరాజు గట్టిగా నవ్వాడు, చిన్నపిల్లాడి నవ్వు. నేనూ నవ్వేవాణ్ణే, నోరుంటే. పన్నెండో రోజుకి తప్పులు రోజుకి ఒకటికి తగ్గాయి. పదిహేనో రోజున కూడా ఆ ఒక్కటీ మిగిలే ఉంది.

పదహారో రోజు ఇంజనీరు గారు తెల్ల చొక్కా మీద లైఫ్ జాకెట్ బిగించుకుని ఎక్కారు. సుహాసిని ఆయన పక్కన కూర్చుని, “నేను ముట్టుకోను” అని చెప్పి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. వెదుళ్లగొంది దాకా ఎగువకి వెళ్లడం సాఫీగానే జరిగింది. ఎదురు ప్రవాహంలో పడవ నడపడం ఎవరికైనా సులువే, నీళ్లే వెనక్కి పట్టి ఉంచుతాయి. అసలు పరీక్ష దిగువకి వచ్చేటప్పుడు. వెనక నుంచి నది తోస్తుంటుంది, ఆలోచించుకునే వ్యవధి ఇవ్వదు.

ఒకచోట పాయ సన్నబడుతుంది. కుడిపక్క రాతిగోడ, ఎడమపక్క ఇసుక మేట. మేము ఆ మలుపు తిరిగేసరికి సరిగ్గా మధ్యలో ఒక నావ అడ్డంగా ఉంది. అందులో ఒక ముసలాయన వల లాగుతున్నాడు. మమ్మల్ని చూసి వల వదలకుండా అలాగే కొయ్యబారిపోయాడు.

“ఆపు! ఆపవయ్యా!” అని కేకేశారు ఇంజనీరు గారు.

లోవరాజు చెయ్యి నా మీద బిగుసుకుంది. ముప్ఫై ఏళ్ల అలవాటు ఆ చేతిలో ఉంది, సీటు ఇచ్చే పెద్దమనిషి ఆజ్ఞ చెవిలో ఉంది. రెండూ కలిసి నన్ను వెనక్కి లాగాయి. వెంట్రుకవాసి కాదు, వేలెడంత లాగాయి. ఇంజను గొంతు తగ్గింది. పడవ ముక్కు నావ నడిమికి తిన్నగా చూస్తూ జారింది. స్టీరింగు వదులైపోవడం నాకు తెలుస్తూనే ఉంది. సుహాసిని చేతులు తొడల కింద నుంచి రాలేదు. ఆ చేతులు అలా ఆపుకోవడానికి ఎంత నమ్మకం కావాలో ఆలోచించండి.

అప్పుడు లోవరాజు నన్ను తోశాడు. నా కీలు విరిగిపోతుందేమో అన్నంత బలంగా, ముందుకి, చివరి దాకా. పడవ గర్జించి ఎడమకి తిరిగింది. అటు ఇసుక మేట. దాని అంచున నున్నగా, నల్లగా ఒక నీటి చార. మామూలు కళ్లకి అది నీడ. పడవ దాని మీద నుంచి దూసుకుపోయింది. అడుగున ఇసుక ఒకసారి బరుక్కుమంది. ఆ వెంటనే లోతు నీళ్లలో ఉన్నాం.

లోవరాజు అక్కడితో ఊరుకోలేదు. పెద్ద చుట్టు తిప్పి వెనక్కి వెళ్లి, మా అలకి నావ మునగలేదు కదా అని చూశాడు. “తాతా, తప్పయిపోయిందే. దెబ్బేం తగల్లేదు కదా?” అని అడిగాడు. ముసలాయన వల దులుపుకుంటూ, “చేపలెల్లిపోయాయిరా సచ్చినోడా” అన్నాడు. అంటే క్షేమమనే అర్థం.

రేవుకి వచ్చాక ఇంజనీరు గారు చెమట తుడుచుకుని, “ఆపమని చెప్పానా లేదా?” అని గద్దించారు.

“చెప్పారండి. ఆపితే ఇది ఆగదండి. తిన్నగా పోయి ఆ నావని గుద్దేసేదండి.”

ఆయన సుహాసిని వంక చూశారు. ఆమె తలూపింది. ఇంజనీరు గారు సంచీలోంచి ఒక కాగితం తీసి, పడవలోనే కూర్చుని నింపడం మొదలుపెట్టారు. పేరు, వయసు, ఊరు. అనుభవం అన్నచోట, “ముప్ఫై ఏళ్లు రాస్తున్నాను” అన్నారు.

“వద్దండి. పదిహేను రోజులని రాయండి.”

“అలా రాస్తే పైవాళ్లు కాగితం వెనక్కి కొడతారయ్యా. సీటు పోతుంది. ముప్ఫై ఏళ్లు నడిపావు కదా, అబద్ధమేం కాదు.”

లోవరాజు చెయ్యి ఇంకా నా మీదే ఉంది. ఆ సీటు కోసం పదిహేను రోజులు ఆ మనిషి పడిన పాట్లు నాకు తెలుసు. ఊఁ అనెయ్యవయ్యా అని నాకే అరవాలనిపించింది.

“అది లాంచీ మీదండి. దీని మీద పదిహేను రోజులేనండి. ఇందాకా మిమ్మల్ని ముంచబోయింది ఆ ముప్ఫై ఏళ్లేనండి.”

“ఆ నల్లటి నీళ్లు కనిపెట్టింది కూడా ఆ ముప్ఫై ఏళ్లే సార్” అంది సుహాసిని.

ఇంజనీరు గారు ఆ గడిలో ‘పదిహేను రోజులు’ అని రాసి, పక్కనే ‘చాలును’ అని రాసి సంతకం పెట్టారు.