ఎంతమందని అడగకూడదు

మా అత్తవారింట్లో చుట్టాల్ని "ఎంతమంది వస్తున్నారు?" అని అడగకూడదు. అడిగితే రావద్దన్నట్టేనట. కాబట్టి లెక్క మనమే ఊహించుకోవాలి. మూడేళ్ల కిందట మావారు "అక్కావాళ్లు భోజనానికి వస్తున్నారు" అంటే, నేను ఆవిడకీ ఆయనకీ కలిపి వండాను. దిగింది ఏడుగురు. అందరికీ వడ్డించి చివరికి వదినగారి దగ్గరకొచ్చేసరికి గరిటె గిన్నె అడుగుకి తగిలి ఖంగుమంది. ఆ మోత బంధువర్గమంతటికీ వినిపించింది. ఆనాటి నుంచి ఆవిడ మా ఇంట్లో మంచినీళ్లు తప్ప ముట్టలేదు.

ఇన్నాళ్లకి ఈ సెలవుల్లో భోజనానికి వస్తామని కబురు చేశారు. ఈసారి ఆవిడ కడుపునిండా తిని లేవాలి. నాకు అంతకుమించి కోరికేమీ లేదు.

"ఎంతమంది ఉండొచ్చంటారు?" అని మావారిని అడిగాను.

"ఓ ఎనిమిది. పదిలోపే అనుకో."

"పిల్లల్ని కలిపేనా?"

"పిల్లలేం తింటారే!"

పిల్లలేం తింటారో వండేదాన్ని నాకు తెలుసు. పద్దెనిమిది మందికి ఎసరు పెట్టాను. నేను స్నానానికి వెళ్లిన సందులో, ఎందుకైనా మంచిదని అత్తగారు ఇంకో గిన్నెడు పడేశారు.

వచ్చింది తొమ్మిది మంది. ముందు వదినగారు, ఆవిడ చేతిలో అయిదు గిన్నెల క్యారేజీ. వెనక అన్నయ్యగారి చేతిలో ఇంకోటి.

"ఇదేంటి వదినా?"

"ఏం లేదమ్మాయ్, ఇంత వండుకొచ్చాను. నీ చేతికి కొలత కుదరదు, అది నీ తప్పు కాదులే."

"ఒక్కసారి వంటింట్లోకి రండి వదినా! పద్దెనిమిది మందికి వండాను."

"తొమ్మండుగురం వస్తే పద్దెనిమిది మందికా? చూశావా, నేనన్నది అదే!"

నేను మావారి వంక చూశాను. మావారు క్యారేజీ వంక చూస్తున్నారు. "అక్కా, ఆ కూర వాసనే వేరే!" అంటూ మూత తీశారు.

"అత్తయ్యా, మీరైనా చెప్పండి" అన్నాను.

"కూతురు కష్టపడి మోసుకొచ్చింది కదే" అన్నారావిడ, పళ్లెం ముందుకు జరుపుకుంటూ.

అందరూ తిన్నారు. వంటింట్లో నా గిన్నెల మీద మూతలు కదల్లేదు. నేను గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.

"నువ్వూ కూర్చో, మొహమాటపడకు" అన్నారు వదినగారు, నా ఇంట్లో, నాతో. "నీకూ ఉంచాను."

ఆకలేస్తోంది మరి. కూర్చున్నాను. కూర బాగుంది, ఉప్పూ కారం సరిగ్గా పడ్డాయి. ఏం చెయ్యను, మారు కూడా అడిగి వేయించుకున్నాను.