తీగ చట్రంలో మైసమ్మ

"గదువ జర పైకి లేపు బిడ్డా... ఆఁ, అయిపాయె."

స్టూడియోలో నీలం తెర ముందు స్టూలు మీద కూర్చున్న కాలేజీ పిల్ల పాస్‌పోర్టు ఫోటోను డిజిటల్ కెమెరాతో ఠక్కున తీసేసి, ఎల్లస్వామి మళ్ళీ పాత బనీను ముక్క అందుకున్నాడు. బల్ల మీదున్న పెద్ద కెమెరాను పొద్దుటి నుంచీ తుడుస్తూనే ఉన్నాడు. రెండు ఇటుకలు పక్కపక్కన పేర్చినంత నల్లటి తోలుపెట్టె అది. మూత తెరిస్తే హార్మోనియం తిత్తిలాంటి ముడతలతో లెన్స్ ముందుకు జరిగి వస్తుంది. నెత్తి మీద సన్నటి తీగతో చేసిన నలుచదరపు చట్రం. దాని వెనక, కంటిని ఆనించడానికి కందిబద్దంత కన్నం. తుడవడానికి ఇంకేమీ మిగల్లేదు. అయినా చేతులు ఊరుకోవడం లేదు.

లోపలి గది గడపలో మైసమ్మ చేటతో నిలబడి చూస్తోంది.

"గడ్డం గీక్కున్నవ్, తెల్లంగి తొడిగినవ్. పెండ్లికొడుకు లెక్క ముస్తాబైనవ్. యాడికి సవారీ?"

"యాడికి లేదు. ఇయ్యాల నీ ఫోటో దించుడే. మాటిచ్చినవ్ గదా."

"ఇచ్చిన. గని ఈసారి తలకాయ గిట్ల పోయిందో, నీ తలకాయ నేను తీస్త," అని చేటలో బియ్యాన్ని గట్టిగా ఒకసారి చెరిగి లోపలికి పోయింది.

ఆ బెదిరింపు వయసు వాళ్ళ పెళ్ళి వయసంత. అప్పుడు ఎల్లస్వామి నూరుద్దీన్ సాబ్ స్టూడియోలో పని నేర్చుకుంటున్నాడు. మొదట ఊడ్చేవాడు, తర్వాత ఈ కెమెరా మోసేవాడు, ఆ తర్వాత దీన్ని చేతపట్టుకుని తీసేవాడు. స్టాండు మోసుకెళ్ళే తీరిక లేని చోటికల్లా సాబ్ అతన్నే పంపేవాడు. జాతరలో రథం కదిలేటప్పుడు, కబడ్డీ ఆటలో మనిషి గీత దాటేటప్పుడు, పెళ్ళి బారాత్‌లో గుర్రం బెదిరినప్పుడు అతనే ఉండాలి. ఎడమ అరచేతిని పక్కనున్న పట్టీలో దూర్చి, మోకాళ్ళు కొంచెం వంచి, తీగ చట్రంలోంచి చూసి నొక్కేవాడు. ఆ బరువుకు అతని ఎడమ భుజం కుడిదానికన్నా రెండు వేళ్ళు కిందికి దిగి అట్లాగే ఉండిపోయింది.

పెళ్ళైన కొత్తలో సాబ్ దయతలచి, ఒక్క ఫోటోకే సరిపోయే ఫిలిం షీట్ ఒకటి ఇచ్చాడు. ఎల్లస్వామి భార్యను గోడ పక్కన నిలబెట్టాడు. దూరం నుంచి చూస్తే మనసుకు ఆనలేదు. ముందుకు జరిగాడు, ఇంకా జరిగాడు. చట్రం నిండా మైసమ్మే. నొక్కాడు. కడిగి చూస్తే ఫోటో ముక్కు దగ్గర మొదలైంది. కళ్ళు లేవు, నుదురు లేదు, పాపిట లేదు. ముక్కుపుల్ల, తెరిచిన నోరు, పసుపుతాడు మాత్రం ఉన్నాయి.

తీగ చట్రం కెమెరా నెత్తిన ఉంటుంది. లెన్స్ దానికి జానెడు కింద. దూరపు వాళ్ళకు ఆ తేడా అంటదు. మనిషి దగ్గరకొస్తే మాత్రం చట్రం చూసిందానికన్నా కింది ముక్కను లెన్స్ చూస్తుంది. దగ్గరివాళ్ళను తీసేటప్పుడు కెమెరాను కాస్త పైకెత్తి పట్టాలని సాబ్ వందసార్లు చెప్పాడు. కొత్త పెళ్ళాం ఎదురుగా నిలబడి నవ్వుతుంటే వంద మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

తలకాయ పోయినందుకే అయితే మైసమ్మ ఎప్పుడో మరిచిపోయేది. ఆమె పుట్టిల్లు మర్రిగూడ దిక్కు. చిన్నప్పుడు తాగిన ఫ్లోరైడు బోరునీళ్ళు ఆమె పళ్ళ మీద గోధుమరంగు చారలు గీశాయి. నవ్వు వస్తే కొంగు నోటికి పోతుంది. ఆ ఒక్కరోజే కొంగు మరిచిపోయి నవ్వింది, ఫోటోలో ఆ పళ్ళు మాత్రమే మిగిలాయి.

"కండ్లు కోసి పండ్లు పెట్టినవ్," అంది. ఆ తర్వాత ఆ కెమెరా ముందుకు మళ్ళీ రాలేదు. తెలంగాణ వచ్చిన రోజు చౌరస్తాలో జనం ఎగురుతుంటే ఎల్లస్వామి తన దగ్గరున్న చివరి షీట్ వాడేశాడు. అప్పటి నుంచి, సాబ్ అతనికి ఇచ్చిపోయిన ఆ కెమెరా షోకేసులో కూర్చుంది.

మొన్న మేనల్లుడు ప్రేమ్‌సాగర్ హైదరాబాదు నుంచి రెండు షీట్లు తెచ్చాడు. స్నేహితుడి దగ్గర మిగిలినవట. రెండే రెండు. ఒకటి పెళ్ళై నెల తిరగని ప్రేమ్‌సాగర్, మెర్సీల కోసం. రెండోది మైసమ్మకు. ఈసారి కళ్ళతో సహా.

పదిగంటలకల్లా ఎల్లస్వామి, కొత్తజంట ముగ్గురూ ఊరి బయట పత్తిచేల పక్కనున్న రోడ్డు మీద ఉన్నారు. రాత్రి వాన పడ్డట్టుంది, మట్టి ఇంకా ఎర్రగా మెత్తగా ఉంది. ప్రేమ్‌సాగర్ బండి తిప్పుకుని దూరం పోయాడు. వెనక మెర్సీ, పసుపుపచ్చ చున్నీ.

"మామా, చెప్తే ఫోజు పెడ్త!" అని అరిచింది.

"ఫోజు వద్దు! నవ్వుకుంటా రాండ్రి!"

ఎల్లస్వామి రోడ్డంచున మోకాళ్ళు వంచాడు. అరచెయ్యి పట్టీలో దూరగానే ఒళ్ళంతా ఇరవై ఏళ్ళ కుర్రాడిదయింది. కన్నానికి కన్ను ఆనించాడు. రెండో కన్ను మూయలేదు. ఈ చట్రంలో అతనికి నచ్చేదే అది. వేరే కెమెరాలు కంటిని చీకటి కన్నంలోకి లాక్కుపోతాయి. ఇది లోకాన్ని ఉన్నదున్నట్టు ఉంచి, నీది ఈ ముక్క అని తీగతో గీత గీసి చూపిస్తుంది. చేలు కనిపిస్తున్నాయి, పైన కొంగలు కనిపిస్తున్నాయి, చట్రం బయట బండి వస్తూ కనిపిస్తోంది. ఇంకా రాలేదు... వస్తోంది... చున్నీ ఎగిరింది, మెర్సీ కెవ్వుమని నవ్వింది, బండి తీగ దాటి లోపలికి దూకింది.

టక్.

"పడ్డదా మామా?" ప్రేమ్‌సాగర్ బండి తిప్పుకొచ్చాడు.

"పడకేం చేస్తది? గాలితో సహా పడ్డది."

"ఇంకొకటి మామా! చున్నీ మొఖం మీదికొచ్చిందేమో," అని మెర్సీ బతిమాలింది.

"లేదు బిడ్డా. ఉన్న గా ఒక్కటి మీ అత్తది."

"ముసలాయన ముచ్చట జూడవే!" అని ప్రేమ్‌సాగర్ ఈల వేశాడు. ఎల్లస్వామి చెవులు ఎర్రబడ్డాయి. రెండు వైపులా చెరో షీట్ పట్టే హోల్డర్‌ను కెమెరా వెనక జాగ్రత్తగా రెండోవైపుకు తిప్పి పెట్టుకున్నాడు. దారి పొడుగునా, బండి మీద మూడో మనిషిగా ఇరుక్కుని, కెమెరాను పసిబిడ్డలా ఒళ్ళో పట్టుకుని వచ్చాడు.

మధ్యాహ్నం అన్నం సహించలేదు. ఎండ మెత్తబడగానే డాబా మీదికి పోయి, మైసమ్మ నిలబడే చోట సుద్దముక్కతో గీత గీశాడు. తాను నిలబడే చోట ఇంకొకటి. కెమెరా ఎంత ఎత్తి పట్టాలో ఉత్త చేతులతో చేసి చూసుకున్నాడు.

మైసమ్మ మెంతిరంగు చీర కట్టి, తడి దువ్వెనతో దువ్వుకుని వచ్చింది. గీత మీద నిలబడింది. చెయ్యి అప్పుడే నోటి మీదుంది.

"చెయ్యి దించు."

"దించిన." దించింది. అతను కన్ను ఆనించగానే మళ్ళీ పోయింది.

"మైసూ!"

"నాకు నవ్వొస్తాంది, నేనేం చేసేది? ముప్పై ఏండ్ల సంది నువ్వే జూడవడ్తివి. గా తీగల ఏం కనవడ్తదో నన్నొక్కసారి జూడనియ్యి."

ఇచ్చాడు. బరువుకు ఆమె చేతులు ఒకసారి కిందికి పోయి లేచాయి. పట్టీలో ఆమె చెయ్యి దూర్చి, వేలు ఎక్కడ ఆనాలో చూపించి, అతను వెళ్ళి ఆమె గీత మీద నిలబడ్డాడు. మైసమ్మ కన్ను ఆనించింది.

"ఓయమ్మో! పటంలకెళ్ళి దిగొచ్చినట్టున్నవ్ గదనే!"

ఒక అడుగు ముందుకేసింది. ఇంకొకటి. సుద్దగీత ఎప్పుడో వెనకబడింది. కెమెరా ఆమె ముక్కును, నోటిని, గదువను కప్పేసింది. పైన తీగ చట్రంలో కళ్ళు మాత్రం మిగిలాయి. చుట్టూ ముడతలు పడ్డ, తడి మెరిసే, పట్టలేని సంతోషంతో చిన్నవైపోయిన కళ్ళు. ఆ పాత ఫోటోలో పడని కళ్ళు అవే. నలువైపులా తీగ గీసి ఎవరో తన కోసం పట్టుకున్నట్టున్నాయి.

"నొక్కాల్నా?"

ఉన్నది ఒక్కటే షీట్. వద్దనాలి. "నొక్కు," అన్నాడు.

ఆమె ఇంత దగ్గరగా ఉందంటే తన తల ఎక్కడికి పోతుందో అతనికి తెలుసు. మెల్లగా మోకాళ్ళు వంచి ఒక బెత్తెడు కిందికి దిగాడు.

"గట్ల కుంగుతవేంది? ముసలోని లెక్క! నిటారు నిలవడు!"

నిటారుగా నిలబడ్డాడు. నవ్వాడు.

టక్.

"మంచిగొచ్చిందా?" అని కెమెరా దించింది మైసమ్మ. పెదాల నిండా, పళ్ళ నిండా నవ్వు. రెండు చేతులకూ కెమెరా ఉంది కాబట్టి కొంగు దాకా ఏ చెయ్యీ పోలేదు.

"శాన మంచిగొచ్చింది," అన్నాడు ఎల్లస్వామి, ఆమె మొఖాన్నే చూస్తూ. "గిసొంటి ఫోటో నా జన్మల తియ్యలే."

"నీది గాదు, నేను దీసింది!"

"అదే, అదే."

హోల్డర్ తీసి, రేపు కడుగుదామని ప్రేమ్‌సాగర్‌ను పిలిచి ఇచ్చాడు. "చాయ్ పెట్టు, జర నడుము వాలుస్త," అని డాబా మీది నులకమంచంలో వాలాడు. మైసమ్మ అల్లం దంచి, చాయ్ గ్లాసు కొంగుతో పట్టుకుని పైకి వచ్చేసరికి ఎండ మంచం కోళ్ళ దాకా జరిగింది. రెండుసార్లు పిలిచింది, ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసింది. అతని పెదాల మీద నవ్వు ఇంకా చెదరలేదు. గ్లాసు నేల మీద పెట్టి పక్కన కూర్చుంది. చాయ్ మీద మీగడ కట్టేదాకా ఎవరినీ పిలవలేదు.

పెద్దకర్మ అయ్యాక ప్రేమ్‌సాగర్ రెండు షీట్లూ కడిగి, ఫోటోలు తెచ్చాడు. మొదటిదాంట్లో బండి గాల్లో తేలుతోంది, మెర్సీ చున్నీ మేఘమంత ఎగిరింది. రెండోది ఇవ్వడానికి వెనకాడాడు.

"అత్తమ్మా, మొఖం సగమే వచ్చింది. కంప్యూటర్ల మామ పాత ఫోటోకెళ్ళి కండ్లు అతికిస్త."

మైసమ్మ అందుకుంది. ఫోటో ముక్కు దగ్గర మొదలైంది. తెల్ల మీసం, తెరిచిన నోటి నిండా నవ్వు, కిందికి దిగిన ఎడమ భుజం, తెల్లంగి. చాలాసేపు చూసింది. ఉన్నట్టుండి మోకాలి మీద చరుచుకుంది.

"బేమానోడు! తెల్సు ఆయనకు! అందుకే కుంగిండు. నేనేమొ నిటారు నిలవడుమంటి... నిలవడ్డడు సూడు!"

ఏడుస్తూ నవ్వింది. చెయ్యి నోటికి పోలేదు. బీరువాలోంచి ముక్కుపుల్లతో మొదలయ్యే పాత ఫోటో తెచ్చి దీని పక్కన పెట్టింది.

"ఏమీ అతికియ్యకు కొడుకా. జోడు మంచిగుంది."

మెర్సీ కెమెరాను షోకేసులో పెట్టబోతూ తీగను మడవడానికి చెయ్యి చాచింది. మైసమ్మ వద్దని తల ఊపింది.

నీలం తెర ముందు స్టూలు ఖాళీగా ఉంది. దానికి ఎదురుగా షోకేసు అద్దం వెనక, కెమెరా నెత్తిన తీగ చట్రం లేచే ఉంది.