మగవాడికి మనోవర్తి

విడాకులు కావాలన్నది సుప్రజ. భరణం ఇప్పించమన్నది మద్దిలేటి. నంద్యాల కోర్టు నుంచి ఆ నోటీసు వచ్చిన రోజు సుప్రజ తండ్రి బాలస్వామికి నవ్వు ఆగలేదు.

"మీసాలున్నోడు పెండ్లాన్ని భరణం అడిగేదేందమ్మే? ఆళ్లగడ్డలో తలెత్తుకోని తిరగల్ల గదా వాడు!"

సుప్రజ నవ్వలేదు. మద్దిలేటి సిగ్గు విడిచి అడిగాడంటే ఇల్లు గడవడం లేదని ఆమెకు అర్థమైంది.

అతను ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కేవాడు. పెళ్లయిన కొత్తలో ఆమెను నంద్యాలలో బ్యాంకు కోచింగులో చేర్పించింది అతనే. ఫీజుకూ హాస్టలుకూ చాలక పండగపూట కూడా ఉలి కింద పెట్టలేదు. ఆమెకు నంద్యాలలోనే క్లర్కు ఉద్యోగం వచ్చింది. దాంతోపాటే అతనికి అనుమానమూ వచ్చింది. బ్యాంకు ఎదురుగా టీ బంకులో కూర్చుని, ఆమె ఎవరితో నవ్వుతోందో చూసేవాడు. ఒకరోజు నేరుగా కౌంటరు దగ్గరికొచ్చి, అందరి ముందూ మేనేజరును నిలదీశాడు. ఆ సాయంత్రమే ఆమె శిరివెళ్లలోని పుట్టింటికి వచ్చేసింది. కొన్నేళ్లు చూసి విడాకులకు వేసింది. కేసు నడుస్తుండగా రాయి కోసే మిషను బ్లేడు విరిగి, మద్దిలేటి కుడి మణికట్టు నరాలు తెగాయి. ఆ చేతివేళ్లు ఇక ముడుచుకోలేదు.

"మగోడు అడిగితే ఇస్తారా సార్?" అని సుప్రజ తన వకీలు ఖాదర్ బాషాను అడిగింది.

"చట్టంలో మొగుడని, పెండ్లామని లేదమ్మా. ఇద్దర్లో ఎవురికి జరుగుబాటు లేకుంటే వాళ్లు అడగొచ్చు. నీ జీతమెంత, ఆయప్ప ఏం చేసుకోని బతకగలడు, ఇద్దరూ ఎట్ల నడుచుకున్యారు, అన్నీ జడ్జి చూస్తాడు. ఇంత ఇయ్యాలని ముందే రాసిపెట్టిన లెక్కేం లేదు."

"నా పరువు తీసినోనికి నేనే దుడ్లు ఇయ్యాల్నా?"

"ఆ సంగతి గట్టిగానే చెప్తాం. కొంత తగ్గొచ్చు. పూర్తిగా పోతాదని మాత్రం నేను చెప్పలేను." ఖాదర్ బాషా ఫైలులో కాగితం తిప్పాడు. "కోచింగు ఫీజు తానే కట్టినానంటాండాడు. రుజువేం లేదు. మీ నాయన కట్టినాడని చెప్తే ఆ మాట ఆడికే ఆగిపోతాది."

వాయిదా రోజున అవతలి వకీలు ఆ ప్రశ్నే వేశాడు. వెనక బెంచీలో బాలస్వామి కూతురికి కళ్లతో సైగ చేశాడు.

"ఆయనే కట్టినాడు," అంది సుప్రజ.

అదేమీ పెద్దమనసు కాదు. నిజం చెబితే నమ్మని మనిషితో ఆమె ఏళ్ల తరబడి కాపురం చేసింది. ఇప్పుడు అతని ముందే అబద్ధమాడి, అతని అనుమానాలకు బలమివ్వడం ఆమెకు ఇష్టం లేకపోయింది.

జడ్జి ఇద్దరినీ రాజీ మాట్లాడుకోమని పక్కగదికి పంపాడు. వకీళ్లు కూడా వెళ్లారు. ఎంత ఇవ్వాలో తొందరగానే తేలింది. ఎట్లా ఇవ్వాలన్న దగ్గర మాట ఆగిపోయింది. నెలనెలా ఇచ్చేదైతే పరిస్థితిని బట్టి మార్చమని ఇద్దరిలో ఎవరైనా మళ్లీ అడగవచ్చు, అతను మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆపమని ఆమె అడగవచ్చు, ఒకేసారి ఇచ్చేస్తే అంతటితో సరి, అని ఖాదర్ బాషా చెప్పాడు.

"నాకు నెలనెలా కావాల," అన్నాడు మద్దిలేటి. "ఒకేసారి చేతికొస్తే మాయన్న అప్పని చెప్పి లాక్కుంటాడు."

"నెలనెలా నీతో లావాదేవీ నాకొద్దు. నీతో తెగదెంపులు కావాలనే గదా నేను కోర్టుకొచ్చింది."

మద్దిలేటి తల దించుకున్నాడు. "బ్యాంకు కాడికొచ్చి అరిచింది తప్పే సుప్రజా."

"ఆ మాట అప్పుడు చెప్పింటే వేరే."

కొంతసేపటికి దారి ఆమెకే తోచింది. "మొత్తం నీ పేరున ఆళ్లగడ్డలో డిపాజిట్ చేస్తా. నెలనెలా వడ్డీ వస్తాది. ఇచ్చేది బ్యాంకు, నేను కాదు. మీయన్న మాట విని దాన్ని తీసేస్తివా, నీ ఇష్టం. మళ్లా నన్ను అడిగేందుకు లేదు."

అతను ఒప్పుకున్నాడు. ఎడమచేత్తో, వంకరగా, మెల్లగా సంతకం పెట్టాడు. ఆ కాసేపూ ఆమె కిటికీ వైపు చూస్తూ కూర్చుంది.

ఆమె అప్పు చేసి డిపాజిట్ వేసింది. విడాకులు మంజూరయ్యాయి. ఏడాది తిరక్కుండానే మద్దిలేటి అందులో సగం తీసి, రోడ్డు పక్కన విగ్రహాల దుకాణం పెట్టాడని, చెక్కేందుకు ఇద్దరు పనోళ్లున్నారని కబురొచ్చింది.

"మన దుడ్లతో సేటైనాడు!" అని బాలస్వామి గొణిగాడు.

"ఆయన దుడ్లు నాయనా. ఏమన్నా చేసుకోనీ," అంది సుప్రజ.

అప్పు వాయిదాలు ఇంకా నాలుగేళ్లున్నాయి. ఆ వేసవిలో ఆమె పుట్టిల్లు విడిచి, బ్యాంకుకు దగ్గర్లో ఒక గది అద్దెకు తీసుకుని నంద్యాలకు మారిపోయింది.