తిడుతూ ఉండు బావా

ఆస్ట్రియా అనే దేశం ఒకటుందని సన్యాసిరాజుకు పంతొమ్మిది వందల ఎనభై ఆరు దాకా తెలీదు. విశాఖ ఆటోనగర్‌లో అతను ఫిట్టరుగా పనిచేసే కార్ఖానా యజమాని, కొత్తగా కడుతున్న ఉక్కు కర్మాగారానికి బోల్టులు అమ్మవచ్చన్న ఆశతో ఆ దేశం నుంచి పెద్ద మెషిన్ ఒకటి కొన్నాడు. దాన్ని నడపడం నేర్చుకు రమ్మని ఇద్దరిని పంపాడు. ఒకడు సన్యాసిరాజు. రెండోవాడు ఫోర్‌మన్ శ్రీరామ్మూర్తి. ఇతను సన్యాసిరాజు చెల్లెలు పైడితల్లికి మొగుడు.

యజమానికి తెలియని సంగతేమిటంటే, అప్పటికి నాలుగు నెలలుగా ఆ బావా బావమరుదుల మధ్య మాటల్లేవు.

ఉక్కు కర్మాగారం కడుతున్న చోట క్యాంటీన్‌లో పని దొరికితే చేరతానంది పైడితల్లి. నా పెళ్ళాం పదిమంది ఎంగిలి పళ్ళేలు కడగడమేమిటని శ్రీరామ్మూర్తి వద్దన్నాడు. ఆమె అడిగి అడిగి విసిగిపోయి, బట్టలు మూట కట్టుకుని పెందుర్తిలో అన్న ఇంటికి వచ్చేసింది. సన్యాసిరాజు తనే దగ్గరుండి ఆమెను పనిలో చేర్పించాడు. శ్రీరామ్మూర్తికి మింగుడుపడనిది అదే. అలిగి వచ్చిన ఆడపిల్లకు నచ్చజెప్పి పంపాల్సినవాడే దారి చూపించాడని అతని కడుపుమంట. పెళ్ళాం వెళ్ళిపోతే బావ ఒక్కసారైనా తమ గడప తొక్కలేదని సన్యాసిరాజు కడుపుమంట.

అలాంటి ఇద్దరూ ఆ కొండల దేశంలో, ఒక చిన్న ఊళ్ళో, ఒక ముసలావిడ ఇంటి మేడమీద ఒకే గదిలో పడ్డారు. తెలుగు ముక్క తెలిసినవాడు ఆ చుట్టుపక్కల మరొకడు లేడు. ఫ్యాక్టరీలో మెషిన్ ముందు నిలబడి ‘ఎస్’, ‘నో’ అనుకునేవారు. గదికొచ్చాక ఒకడు గోడవైపు, ఒకడు కిటికీవైపు తిరిగి పడుకునేవారు. తిండి దగ్గర ఉప్పు కావాలన్నా ఇంటావిడకు సైగ చెయ్యడమే.

జూన్ నెల. మన దగ్గర తొలకరి కోసం ఎదురుచూసే రోజుల్లో అక్కడ వేసవి అప్పుడే మొదలవుతుంది. లోయంతా పచ్చగడ్డి, గడ్డినిండా పసుప్పచ్చ పూలు. పైన కొండ గండ్లలో మాత్రం చలికాలపు మంచు ఇంకా చారలు చారలుగా మిగిలి ఉంది. ఒక ఆదివారం పొద్దున ఇంటావిడ రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు పొట్లం కట్టి, రెండు రోప్‌వే టికెట్లు వాళ్ళ చేతిలో పెట్టి కొండ చూసి రమ్మని తోసింది. పెద్దావిడ మాట కాదనలేక ఇద్దరూ బయల్దేరారు.

పైన దిగాక కాలిబాట కొండ వాలు వెంబడి పోతోంది. శ్రీరామ్మూర్తి ముందు నడిచాడు, సన్యాసిరాజు కావాలనే వెనకబడ్డాడు. కొంతదూరం పోయేసరికి ఒక వాగు గండి అడ్డం వచ్చింది. గండి నిండా మంచు పేరుకుని ఉంది. జనం తొక్కిన అడుగులు మంచు మీదికి పోకుండా, పైనుంచి చుట్టు తిరిగి పోతున్నాయి. మంచు కిందనుంచి నీళ్ళ హోరు వినిపిస్తోంది. సన్యాసిరాజు కేకేశాడు.

"బావా, అటు ఎల్లకు! కింద బోలుగా ఉన్నాది!"

నాలుగు నెలలు దాటాక నోటినుంచి వచ్చిన మొదటి మాట అది. బావమరిది వద్దన్నాడు కాబట్టే శ్రీరామ్మూర్తి తిన్నగా మంచు మీదికి నడిచాడు. పట్టుమని పదడుగులు వేశాడో లేదో, కాళ్ళకింద ఫెళ్ళుమంది. నడుముదాకా దిగిపోయాడు.

సన్యాసిరాజు బోర్లా పడుకుని పాక్కుంటూ దగ్గరికెళ్ళి చేతులు పట్టుకున్నాడు. లాగితే శ్రీరామ్మూర్తి పెడబొబ్బ పెట్టాడు.

"లాగకు! కాలు రాళ్ళ మద్దిన ఇరుక్కుపోనాది. ఇరిగినట్టున్నాది. నీళ్ళు... ఐసు నీళ్ళురా కింద!"

మరోసారి లాగబోతే సన్యాసిరాజు మోచేతి కింది మంచు కూడా విరిగి వాగులో పడింది. ఇద్దరూ పోతే చెప్పేవాడు కూడా ఉండడు. అతను వెనక్కి పాకి గట్టు మీదికి వచ్చి, ఒంటిమీది స్వెట్టర్ విప్పి బావ మీదికి విసిరాడు. తలెత్తి చూస్తే కొండమీంచి మబ్బు దిగుతోంది. చూస్తుండగానే రోప్‌వే స్టేషన్ కనిపించకుండా పోయింది. తరవాత బాట పోయింది. ఆ మబ్బులోనే కింద ఎక్కడో ఆవుల మెడగంటలు వినిపించాయి. ఆవులున్నచోట మనుషులుంటారు.

"బావా, నాను మనుషుల్ని తెత్తాను. ఈ మబ్బులో మళ్ళీ నిన్నెలా కనిపెట్టనురా బాబూ! నువ్వు అరుత్తూ ఉండాల. ఆపకు."

"ఏటని అరవను?"

"నన్ను తిట్టు. ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్నావు కదా, అంతా కక్కు."

సన్యాసిరాజు గడ్డి వాలు మీద జారుతూ, లేస్తూ కిందికి దిగాడు. చెయ్యి చాపితే చెయ్యి కనపడటం లేదు. వెనకనుంచి కేక వచ్చింది.

"ఒరే సన్యాసీ! నా కాపరం కూల్చినోడివి నువ్వేరా!"

"నానా? గడప తొక్కనోడివి నువ్వు!"

"పిలిత్తే కదా తొక్కడానికి!"

"నీ పెళ్ళాం కాడికి రాడానికి నీకు పిలుపు గావాలా?"

"ఎంగిలి పళ్ళేలు కడగడానికి తోలినావు దాన్ని! మా అమ్మ నలుగుర్లో తలెత్తుకోనేకపోతంది!"

"మీ అమ్మ ఊళ్ళో నాట్లకి ఎల్లనేదా? ఆ కూలి డబ్బుల్తో నిన్ను పెంచనేదా?"

పైనుంచి జవాబు రాలేదు. సన్యాసిరాజు ఆగిపోయాడు. మాట మరీ లోతుగా తగిలిందా, చలికి నోరు బిగుసుకుపోయిందా తెలియలేదు. "బావా!" అని అరిచాడు. చాలాసేపటికి వినిపించింది.

"మా అమ్మ మాటెత్తకురా ఎదవా..."

గొంతు సన్నగా ఉంది. సన్యాసిరాజు ఇంక చూసుకోకుండా పరుగెత్తాడు.

మబ్బులోంచి ముందు ఒక ఆవు ముట్టె, ఆ తరవాత చెక్క గుడిసె కనిపించాయి. గుమ్మంలో ఒక ఆడమనిషి పాల బిందె తోముతోంది. యాభై ఏళ్ళుంటాయి, మోకాళ్ళదాకా బూట్లు. చొక్కాతో తడిసి వణుకుతున్న నల్లటి మనిషిని చూసి ఆమె గభాల్న లేచింది. అతనికి వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ ఆ క్షణాన నాలుక మీదికి రాలేదు. కొండవైపు చూపించి, నడుము దగ్గర చెయ్యి అడ్డం పెట్టి, "బావ! బావ!" అన్నాడు. ఆమె అర్థంకానట్టు తల అడ్డంగా ఊపింది. అప్పుడు దొరికింది మాట.

"బ్రదర్! స్నో! వాటర్!"

"బ్రూడర్?" అంది ఆమె తన భాషలో. మరుక్షణం లోపలికెళ్ళి తాడు, పార, ఒక పొడుగాటి చెక్క పలక తెచ్చింది. గోడనున్న టెలిఫోన్‌లో ఎవరితోనో గట్టిగా రెండు మాటలు మాట్లాడి, పలక ఒక కొస అతని భుజానికెత్తింది.

ఎక్కేటప్పుడు దారి తెలియలేదు. మబ్బులో ఏ వాలు చూసినా ఒకేలా ఉంది. సన్యాసిరాజు గొంతు చించుకుని పిలిచాడు. జవాబు లేదు. ఇటా అటా అన్నట్టు ఆమె అతని మొహంలోకి చూసింది. చెప్పలేకపోయాడు. పైడితల్లికి తను ఏం మొహం పెట్టుకుని కనిపించాలి? మీ ఆయన్ని మంచులో వదిలి వచ్చానని ఏ నోటితో చెప్పాలి?  ఊపిరంతా కూడగట్టి అరిచాడు.

"బావా! ఇను! నా సెల్లిని నీ ఇంటికి పంపను! ఏటి సేత్తావో సేసుకో!"

మబ్బు కదల్లేదు. నీళ్ళ హోరు ఒక్కటే. మళ్ళీ అన్నాడు. "పంపను గాక పంపను!"

ఎడమచేతివైపు నుంచి, అనుకున్నదానికంటే దగ్గరగా, ముద్దముద్దగా మాట వచ్చింది.

"పంపడానికి... నువ్వెవడివిరా? అది... గొడ్డా? దాన్ని అడుగు..."

సన్యాసిరాజు ఏడుపూ నవ్వూ కాని చప్పుడు ఒకటి చేసి అటు ఉరికాడు. ఆ ఆడమనిషి అతని చొక్కా పట్టుకుని ఆపింది. మంచు మీద పలక పరిచి, తాడు అతని నడుముకు కట్టి, రెండో కొస గట్టు మీది రాతికి చుట్టి పట్టుకుంది. అతను పలక మీద పడుకుని, పారతో చుట్టూ మంచు తవ్వి, చెయ్యి నీళ్ళలోకి పోనిచ్చి, తడుముకుని బావ కాలిని బూటులోంచి తప్పించాడు. బూటు వాగులోనే ఉండిపోయింది. మనిషి బయటపడ్డాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని గుడిసెకు మోసుకొచ్చి పొయ్యి దగ్గర పడుకోబెట్టారు. వేడి పాలు తాగించారు. లోయలోంచి జీపు వచ్చేదాకా సన్యాసిరాజు బావ పాదాలు తన పొట్టకానించుకుని కూర్చున్నాడు.

ఆసుపత్రిలో కాలికి కట్టు వేశారు. కాలి చిటికెన వేలు మాత్రం నల్లబడిపోయి తీసెయ్యాల్సి వచ్చింది. మిగిలిన రోజులు సన్యాసిరాజు ఒక్కడే పనికి వెళ్ళి, సాయంత్రాలు ఆసుపత్రికి వచ్చి ఆ రోజు మెషిన్ మీద నేర్చుకున్నది బావకు చెప్పేవాడు. ఒకరోజు శ్రీరామ్మూర్తి కిటికీలోకి చూస్తూ అన్నాడు.

"ఆ కొండమీన అన్నవి... ఊరికే అననేదు నాను."

"నానూ అంతే."

"ఊఁ," అన్నాడు శ్రీరామ్మూర్తి. "ఆ రొట్టె ఇలా ఇయ్యి."

జులైలో విశాఖపట్నం స్టేషన్‌లో రైలు దిగేసరికి పైడితల్లి ప్లాట్‌ఫారం మీద ఉంది. తిన్నగా పనికి పోవడానికి క్యాంటీన్ నీలం చీరతోనే వచ్చింది. కర్రల మీద నిలబడ్డ మొగుడి కాలివైపు చాలాసేపు చూసింది.

"నొప్పా?"

"నేదు." అతనే మళ్ళీ అడిగాడు. "డ్యూటీకి టైమవనేదా?"

"అవుతాది."

"మరేటి నిలబడిపోనావు? బస్సు ఎలిపోద్ది." అని, నేల చూపులు చూస్తూ, "తిరిగొచ్చినప్పుడు గాజువాకలో దిగితే... మనిల్లు దగ్గిరే కదా. పెందుర్తి దాకా ఎందుకు," అన్నాడు.

ఆమె అన్న మొహంలోకి చూసింది. సన్యాసిరాజు పెట్టెలు సర్దుతున్నట్టు వంగాడు. ఈసారి తను ఏమీ చెప్పదలుచుకోలేదు.

"ఆలోసిత్తాను," అని ఆమె బస్సుకు వెళ్ళిపోయింది.

ఆ రోజు పెందుర్తికే వచ్చింది. ఆ వారమంతా పెందుర్తికే వచ్చింది. తరవాతి ఆదివారం శ్రీరామ్మూర్తి కర్రల మీద రెండు బస్సులు మారి, ఎవరూ పిలవకుండానే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. వాళ్ళిద్దరూ లోపల చాలాసేపు మాట్లాడుకున్నారు. సాయంత్రం ఆమె అతనితో బయల్దేరింది. క్యాంటీన్ పని మాత్రం మానలేదు. శ్రీరామ్మూర్తి తల్లి జోగమ్మ మాత్రం, కోడల్ని ఆ పనిలో పెట్టాడని, ఆ తరవాత ఏడాదిపాటు సన్యాసిరాజుతో మాట్లాడలేదు.